‘వీట్ బెల్లీ’: గోధుమపై మోపిన నేరం

అమెరికాలోని మిల్వాకీ నగరానికి చెందిన హృద్రోగ వైద్యుడు విలియం డేవిస్ 2011లో ‘వీట్ బెల్లీ’ అనే గ్రంథం వెలువరించారు. పొట్ట పెరగడం మొదలుకొని మధుమేహం, కీళ్లనొప్పులు, చర్మవ్యాధుల వరకు అనేక రుగ్మతలకు గోధుమయే మూలమని అందులోని వాదం. వ్యాధి ఉన్నవారూ లేనివారూ అనే భేదం లేకుండా అందరూ గోధుమను విడిచిపెట్టవలెనని ఆయన ఉపదేశం. గ్రంథం విశేషంగా అమ్ముడుపోయింది. గ్లూటెన్ లేని ఆహారమే ఆరోగ్యకరమైనదనే నమ్మకం బలపడటానికి ఇది చాలవరకు తోడ్పడింది.

గోధుమపిండి ముద్దను నీటిధార కింద పిసికితే పిండిపదార్థం కొట్టుకొనిపోయి, చేతిలో సాగే జిగురు మిగులుతుంది. అదే గ్లూటెన్. గ్లయడిన్, గ్లూటెనిన్ అనే మాంసకృత్తుల కలయిక అది. బార్లీ, రై ధాన్యాలలోనూ ఇటువంటి మాంసకృత్తులున్నవి. సీలియాక్ వ్యాధి కలవారికి ఇది నిజంగానే విషతుల్యం. వారి శరీర రక్షణ వ్యవస్థ దీనిని చూచి రెచ్చిపోయి, తమ చిన్న ప్రేవులలోని చూషకాలనే దెబ్బతీస్తుంది. హాలండు దేశపు శిశువైద్యుడు డిక్కె 1950లో ఉట్రెక్ట్‌లో సమర్పించిన పరిశోధన గ్రంథంలో ఈ వ్యాధికీ గోధుమకూ గల సంబంధాన్ని స్థాపించారు. 1944-45 నాటి కరవులో రొట్టె దొరకనప్పుడు ఇటువంటి పిల్లలు కోలుకొన్నారన్న విషయం ఆయన అనుమానానికి బలమిచ్చింది. ఈ వ్యాధి నూటికి సుమారు ఒకరికి ఉంటుంది.

ఆ ఒక్కరి సత్యాన్ని మిగిలిన తొంభైతొమ్మిది మందికీ అంటగట్టడానికి డేవిస్ గారు తెచ్చిన సాక్ష్యాలు బలహీనమైనవి. నేటి గోధుమ పూర్వపు గోధుమ కాదంటారు. వంగడాలు మారినమాట నిజమే. కాని 20వ శతాబ్దపు అమెరికా గోధుమ లెక్కలను పరిశీలించి 2013లో కసార్డా ప్రచురించిన వ్యాసంలో, గ్లూటెన్ పరిమాణం పెరిగినదనడానికి ఆధారం కనబడలేదు. గ్లూటెన్ జీర్ణమైనప్పుడు నల్లమందువంటి గుణంగల తునకలు పుట్టి ఆకలిని రేపుతాయని మరొక వాదం. అటువంటి తునకలను 1979లో ప్రయోగశాలలో గుర్తించిన మాట వాస్తవం. గాజుపాత్రలో కనిపించినది భోజనం చేసిన మనిషి మెదడులో జరిగితీరుతుందనడానికి చాలా దూరం ఉన్నది.

మూడవ సాక్ష్యం రక్తంలోని చక్కెర. రొట్టె దానిని త్వరగా పెంచుతుందనడం సరియైనదే. బియ్యపుపిండి, మొక్కజొన్న గంజిపొడులతో చేసిన గ్లూటెన్ రహిత తినుబండారాలు కూడా అంతేనని డేవిస్ గారే హెచ్చరించారు. అందుకు ఆయనను మెచ్చుకోవాలి. పాఠకులలో చాలామంది ఆ పుటను దాటవేసినట్లున్నారు! అయితే ఇక్కడ దోషి పిండిపదార్థమే కాని గ్లూటెన్ కాదు. ఒకరి నేరానికి మరొకరిని బోనులో నిలబెట్టడమే ఈ గ్రంథంలోని పెద్ద లోపం.

గోధుమ మానగానే కడుపు తేలికపడినదనే వారి అనుభవం అబద్ధం కాదు. గ్లూటెన్ తమకు పడదని నమ్మే 59 మందికి ఆస్లోలో గ్లూటెన్‌ను, ఫ్రక్టాన్ అనే పిండిపదార్థాన్ని, ఏదీ కలపనిదానిని, దేనిలో ఏమున్నదో తెలియకుండా వేర్వేరు వారాలలో తినిపించారు. 2018లో వెలువడిన ఫలితం ప్రకారం ఎక్కువ బాధపెట్టినది ఫ్రక్టాన్. అది గోధుమలోనే కాదు, ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉన్నది. ఇక గుండెజబ్బు సంగతి: లక్షా పదివేల మంది అమెరికన్లను దాదాపు 26 ఏళ్లు గమనించిన పరిశోధన 2017లో వెలువడింది. గ్లూటెన్ తక్కువ తిన్నందువల్ల ఆ జబ్బు తగ్గలేదు. పొట్టుతోకూడిన ధాన్యాలు మానుకొంటే నష్టమే కలుగవచ్చునని ఆ పరిశోధకులు హెచ్చరించారు.

మన దేశం నుంచే మరొక సాక్ష్యం ఉన్నది. 2016లో ప్రకటించిన సర్వేలో ఉత్తరాదివారు దినానికి సగటున 455 గ్రాముల గోధుమ తినగా, దక్షిణాదివారు 25 గ్రాములే తిన్నారు. సీలియాక్ సూచకాలు అక్కడ నూటికి 1.23, ఇక్కడ 0.10 మందిలో కనిపించినవి. గోధుమకూ ఆ వ్యాధికీ గల సంబంధం ఇందులోనూ కనబడుతున్నది. కాని స్థూలకాయానికి, మధుమేహానికి గోధుమయే మూలమైతే, అన్నంతో బ్రతికే దక్షిణాదివారి జోలికి అవి రాకూడదు గదా!

గ్రంథం మాటపై వైద్యుని చూడకముందే గోధుమ మానివేసేవారికి మరొక ప్రమాదం ఉన్నది. సీలియాక్ వ్యాధిని పట్టిచ్చే రక్తపరీక్ష గ్లూటెన్ తింటున్నంతకాలమే నమ్మదగినది. మానివేసిన కొన్ని నెలలకు రక్తంలోని సూచకాలు తగ్గిపోతాయి. అప్పుడు నిజమైన రోగి సైతం పరీక్షలో ఆరోగ్యవంతుడుగా తేలవచ్చును.