రెండు గొంతుల పాట

స్వీడన్ పాప్ బృందం 'అబ్బా' పాటల్లో ఎవరికైనా ముందు వినిపించేది ఆగ్నెతా గొంతు. సన్నగా, స్వచ్ఛంగా పైకి లేస్తుంది. దాని కింద ఫ్రీడా గొంతు ఉంటుంది. కాస్త బరువైనది, వెచ్చనిది. చెవి పెట్టి వెతికితే గానీ విడిగా దొరకదు. అది లేకపోతే మాత్రం ఆ పాటకు నిలబడే నేల ఉండదు. మా మనవరాలికి ఆ కింది గొంతు వినిపించాలని నాకు చాలాకాలంగా కోరిక. లండన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు పిల్లను వెంటబెట్టుకుని 'అబ్బా వాయేజ్' ప్రదర్శనకు వెళ్ళింది అందుకే.

పిల్ల స్కూల్ కాయిర్‌లో పాడుతుంది. ఎప్పుడూ పై వరుసే ఇస్తారు, అంటే అందరూ గుర్తుపట్టే అసలు పాట. కింది వరుస ఇచ్చారంటే అంత బాగా పాడరన్నమాట అని అక్కడి పిల్లల్లో ఒక నమ్మకం. సంగీతం చెప్పుకుంటూ బతికిన నాకు ఆ మాట మనసులో గుచ్చుకుంది. మన పద్ధతిలో గురువు పాడిందే శిష్యుడు పాడతాడు. గొంతులన్నీ ఒకే స్వరం మీద కలిసిపోతే అదే మనకు ఆనందం. హార్మనీ వేరే విద్య. పక్కవాళ్ళ స్వరం వింటూనే నీ స్వరం మీద నువ్వు నిలబడాలి. కింద పాడేవాళ్ళకు ఆ పని మరీ కష్టం, ఎందుకంటే చెవి ఎప్పుడూ అసలు పాట వైపే లాగుతుంది.

ఇలాంటి పాట నేను మొదట విన్నది విశాఖలో చదువుకునే రోజుల్లో. హాస్టల్లో ఒకమ్మాయి అన్నయ్య ఓడలో పనిచేసేవాడు. ఆయన తెచ్చిచ్చిన 'అబ్బా' క్యాసెట్ ఒకటి గదులన్నీ తిరిగేది. ఇంగ్లీషు మాటలు సగం అర్థమయ్యేవి కావు. ఇద్దరు ఆడవాళ్ళు పాడుతుంటే పదిమంది పాడినట్టు ఎలా ఉందన్నదే నా ధ్యాస. వాళ్ళ రికార్డింగ్ ఇంజినీర్ మైఖేల్ ట్రెటో గురించి చాలా ఏళ్ళకు చదివాను. ఆ ఇద్దరిచేత అదే వరుస మళ్ళీ పాడించి, ముందు పాడినదాని మీద పొరలా వేసేవారట. అలా వేసేటప్పుడు టేపు వేగాన్ని చెవికి తెలిసీ తెలియనంత మార్చేవారట. ఆ పిసరంత తేడావల్లే గొంతులు గుంపుగా, మెరుస్తున్నట్టుగా వినిపించాయి. కానీ ఎన్ని పొరలు వేసినా ప్రతి పొరా ఆ ఇద్దరు పాడిందే కదా. శ్రుతి తప్పే గొంతుల మీద ఈ పని సాగదు.

'అబ్బా వాయేజ్' 2022 మే 27న మొదలైంది. తూర్పు లండన్‌లో, ఒలింపిక్ పార్క్ పక్కన, దానికోసమే మూడు వేలమంది పట్టే హాలు కట్టారు. వేదికమీద కనిపించే నలుగురూ కంప్యూటర్‌తో చేసిన రూపాలు. 1970ల నాటి వయసులో ఉంటారు. వాటికోసం అసలు మనుషులు, అందరూ డెబ్బైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళే, ఒంటికి అతుక్కుపోయే దుస్తులు వేసుకుని ఐదు వారాలపాటు 160 కెమెరాల ముందు తమ పాటలు మళ్ళీ ఆడి పాడారు. ఆ వయసులో అంత ఓపిక! ఆ కొలతల మీద కుర్రవాళ్ళ కదలికలు కూడా కలిపి బొమ్మలు తయారుచేశారు.

"అమ్మమ్మా, వాళ్ళు నిజంగా అక్కడ ఉన్నారా?" అని చెవిలో అడిగింది పిల్ల. లేరు, గొంతులు మాత్రం వాళ్ళవేనని చెప్పాను. తర్వాత వేదిక పక్కకు చూడమన్నాను. అక్కడ నిజం మనుషులు పదిమంది ఉన్నారు. డ్రమ్స్, గిటార్లు, కీబోర్డులు, పాడే అమ్మాయిలు. ప్రదర్శన సాగినంతసేపూ వాయించేది వాళ్ళే. కింద నిలబడి ఆడే జాగా వదిలేసి నేను సీట్లు తీసుకున్నది వాళ్ళు సరిగ్గా కనబడాలనే. బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి, కాదనను. కానీ సంగీతం నేర్చుకునే పిల్ల చూడవలసింది వేళ్ళూ, ఊపిరీ, ఒకరినొకరు చూసుకునే కళ్ళూ.

మధ్యలో ఆ నలుగురూ మాయమై, 'డజ్ యువర్ మదర్ నో' పాటను ఈ బృందమే సొంతంగా పాడింది. మా చుట్టూ తళుకుల చొక్కాలు వేసుకున్న నానమ్మలూ తాతలూ లేచి ఆడుతున్నారు. మా పిల్ల ఆడలేదు. ముందుకు వంగి, పాడే అమ్మాయిల నోళ్ళనే చూస్తోంది. "ఒక్కొక్కళ్ళు ఒక్కోటి పాడుతున్నారు!" అంది నా చెయ్యి పట్టుకుని. రికార్డులో ఎన్నిసార్లు వినిపించినా అందనిది కంటికి కనబడగానే అందింది. నా ఆనందం ఏమని చెప్పను!

తిరుగు రైల్లో ఫ్రీడా కథ చెప్పాను. ఆమె 1945 నవంబరులో నార్వే ఉత్తరాన పుట్టింది. తండ్రి జర్మన్ సైనికుడు. జర్మన్ల ఆక్రమణ అప్పుడే ముగిసిన ఆ దేశంలో అలాంటి పిల్లలనూ తల్లులనూ లోకం బతకనిచ్చేది కాదు. అమ్మమ్మ ఆ పసిబిడ్డను తీసుకుని స్వీడన్ వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకే తల్లి కన్నుమూసింది. పెంచింది అమ్మమ్మే. పదమూడేళ్ళకే ఫ్రీడా డ్యాన్స్ బ్యాండ్లలో పాడటం మొదలుపెట్టింది. యుద్ధంలో పోయాడనుకున్న తండ్రి బతికే ఉన్నాడని తెలిసేసరికి 1977, అప్పటికి 'అబ్బా' ప్రపంచమంతా మోగుతోంది. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మమ్మకి పాట వచ్చా?" అని అడిగింది. నాకు తెలిసినంతవరకు చెప్పాను, తెలియనిది కల్పించలేదు.

ఇప్పుడు ఫోన్లో మా సాధన నడుస్తోంది. ఇద్దరం ఒకేసారి పాడితే ఫోన్లో గొంతులు వెనకాముందూ అవుతాయి. అందుకని నా గొంతు ముందే రికార్డు చేసి పంపుతాను, అది పెట్టుకుని తను పాడుతుంది. శంకరాభరణంలో సరళీ స్వరాలు: నేను షడ్జం నుంచి, తను గాంధారం నుంచి. మొదట్లో నాలుగో స్వరానికల్లా నా వరుసలోకి జారిపోయేది. చెవి మూసుకుని పాడనా అంది. వద్దన్నాను. నన్ను వింటూనే నీ దారిన నువ్వు నడవాలి, చెవి మూసుకుంటే ఇంక ఇద్దరెందుకని. పోయిన వారం అవరోహణ కూడా చివరిదాకా నిలబెట్టింది. ఆ వెంటనే, ఈసారి నన్ను గాంధారం నుంచి పాడి పంపమంది, కింది వరుస తను పాడుతుందట.