చిటికెడు ఇనుము

మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు మొదట అబ్బేది ప్రతి బఫర్‌లోనూ ఈడీటీఏ కలిపే అలవాటు. మంచిదే. డీఎన్ఏను కొరికే ఎంజైములకు కావలసిన మెగ్నీషియాన్ని అది పట్టేసుకుంటుంది. ఆల్క్‌బీతో పని ఉన్నరోజు మాత్రం ఆ సీసా జోలికి పోవద్దంటాను. ఆల్క్‌బీకి ఇనుము కావాలి, ఈడీటీఏ దాన్నీ లాక్కుపోతుంది.

ఈ.కోలి బ్యాక్టీరియాలో ఉండే ఈ ఎంజైమ్ డీఎన్ఏకు అంటిన మిథైల్‌ను తీసేస్తుంది. ఈ జన్యువు చెడిన బ్యాక్టీరియా మిథైల్ అంటించే రసాయనాలకు తట్టుకోలేదని జపాన్ శాస్త్రవేత్తలు 1983లోనే చూపారు. ఎలా పనిచేస్తుందో తేలేసరికి 2002 వచ్చింది. ట్యూబులో ఏం కలపాలో తెలియకపోతే ఎంత శుద్ధి చేసిన ఎంజైమైనా ఉలకదు, పలకదు. చివరికి దారి చూపింది పైపెట్ పట్టినవాళ్లు కాదు. 2001లో అమెరికాలో అరవింద్, కూనిన్ కంప్యూటర్‌లో ప్రొటీన్ల వరుసలు పోల్చి, ఇది ఇనుమునూ 2-ఆక్సోగ్లూటరేట్‌నూ వాడుకునే కుటుంబానిదని చెప్పారు. (మాబోటివాళ్లకు కాస్త చివుక్కుమనే సంగతే.) మరుసటేడు ఇంగ్లండ్‌లో లిండాల్, సెడ్జ్‌విక్‌ల బృందం, నార్వేలో ఫాల్నెస్, సీబెర్గ్‌ల బృందం విడివిడిగా ఆ రెండూ కలిపి చూశాయి. మిథైల్ ఊడింది.

ఆక్సిజన్ పరమాణువొకటి మిథైల్ మీద చేరుతుంది. అక్కడ నిలవలేక ఆ మిథైల్ ఫార్మాల్డిహైడ్‌గా జారిపోతుంది. మిథైల్ అంటిన అడెనిన్ మళ్లీ ఎప్పటి అడెనినే. కోత లేదు, అతుకూ లేదు. మన కణాల్లో మిథైల్ తీసే ఎంజీఎంటీ అనే ప్రొటీన్ తీరు వేరు. మిథైల్‌ను తన మీదికే తీసుకుని ఒక్క వాడకానికే చెడిపోతుంది.

ఇనుము ద్రావణం అప్పటికప్పుడు కలుపుకోవాల్సిందే. గాలి తగిలితే ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అవుతుంది. నీళ్లలా ఉన్నది పసుపు తిరిగిందంటే పారబోయడమే. తోడుగా విటమిన్ సి వేస్తాం, ఇనుము ఫెర్రస్‌గానే ఉండేందుకు.

ఆల్క్‌బీ ఆర్ఎన్ఏనూ బాగుచేస్తుందని 2003లో తేలింది. కాసేపట్లో విరిగిపోయేదానికి మరమ్మతెందుకని అడిగేవాళ్లున్నారు. బ్యాక్టీరియాలో ఎంఆర్ఎన్ఏ ఆయుష్షు నిమిషాల్లోనే కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. టీఆర్ఎన్ఏ సంగతి వేరు. కణం దాన్ని మళ్లీమళ్లీ వాడుకుంటుంది. మిథైల్ అంటి మూలపడ్డ టీఆర్ఎన్ఏను ఆల్క్‌బీ తిరిగి పనిలోకి తేగలదని 2004లో చూపారు కూడా. కణం అసలు కాపాడుకునేది దాన్నేనని నా నమ్మకం.