నభోనౌకకు కెప్టెన్ ఎవరు?

షేక్‌పేట ప్రాంతపు ఫిల్మ్‌నగర్ కేంద్రముగా గల మన చిత్రపరిశ్రమ 2017లో ‘ఘాజీ’తో సముద్రగర్భమునకును, 2018లో ‘అంతరిక్షం’తో నభస్సునకును వెళ్ళినది. రెంటికిని దర్శకుడు సంకల్ప్ రెడ్డియే.

‘కెప్టెన్’ అను మాట తికమకలది. నౌకాదళపు కెప్టెన్ సైన్యములోని కర్నల్‌కు సమానుడు. సైన్యపు కెప్టెనో, నౌకాదళపు లెఫ్టినెంటుకు మాత్రమే సాటి. పైగా ఓడను నడిపించు అధికారి ఏ హోదావాడైనను నావికులకు కెప్టెనే. అమెరికావారి ‘స్టార్ ట్రెక్’ (1966)లో కిర్క్ హోదాచేతను, పదవిచేతను కూడ కెప్టెనే గనుక చిక్కు లేదు. 1984లో స్క్వాడ్రన్ లీడర్ రాకేశ్ శర్మ వెళ్ళిన సోయుజ్ టి-11కు యూరీ మాలిషెవ్ కమాండర్. అచట ఆ మాట హోదా కాదు, బాధ్యత.

‘ఘాజీ’లో దాడికి తొందరపడు కెప్టెన్ రణ్‌విజయ్ సింగ్‌కును, ఆపజూచు అర్జున్‌కును పెనుగులాట కలదు, కథకు బలమదియే. ‘అంతరిక్షం’లోనో, కథానాయకుడు దేవ్ పట్టుదల ముందు ఆజ్ఞ ఎవరిదన్న ప్రశ్న తేలిపోయినది. దృశ్యములు కన్నులపండువే, కాని నౌకలో క్రమశిక్షణ కనబడదు.