పేరులేని ఇద్దరు: కొర్రవానివలస ఫితూరీ కథనంలో ఉరిశిక్ష

వ్యాససంగ్రహం
1900 మే నెలలో సాలూరు సమీపాన పాచిపెంట ప్రాంతంలో జరిగిన కొర్రవానివలస ఫితూరీలో ఇద్దరికి ఉరిశిక్ష అమలైంది. వలసపాలనాకాలపు గ్రంథాల్లోని కథనం ఈ ఉరిని ఎలా నమోదు చేసింది, ఏది చెప్పి ఏది వదిలింది, తెలుగులో ఆ విషయాన్ని తిరిగి చెప్పేటప్పుడు మన క్రియాపదాలు ఏ అర్థాన్ని మోస్తాయి అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉరిశిక్ష, ఫితూరీ, కొండదొరలు, సాలూరు, పాచిపెంట, గెజిటీర్, కథన విమర్శ.

1. ఉపోద్ఘాతం
ఉరిశిక్ష చరిత్రను చట్టాల చరిత్రగా, లేదా ఉరికంబం ఎక్కిన వీరుల చరిత్రగా రాయడం మనకు అలవాటు. మొదటిదానిలో సెక్షన్లు ఉంటాయి, రెండవదానిలో పేర్లు ఉంటాయి. ఈ రెండింటిలోనూ చోటు దొరకని ఉరులు ఉన్నాయి. సాలూరుకు సమీపంలోని పాచిపెంట కొండల్లో 1900లో జరిగిన ఫితూరీ అటువంటి సందర్భం. ఆ ఘటనను చెప్పే ప్రసిద్ధ కథనం డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రూపొందించిన విశాఖపట్టణం జిల్లా గెజిటీర్ (1907) లో ఉంది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణభారత కులాలు, తెగల గ్రంథంలోని కొండదొరల వ్యాసంలోనూ అదే కథనం కనిపిస్తుంది. తరువాతి రచనలు చాలావరకు దీనిమీదే ఆధారపడ్డాయి. కాబట్టి ఆ కథనాన్ని సమాచారంగా స్వీకరించడంతో ఆగక, ఒక రచనగా చదవవలసి ఉంది.

2. ఘటన
కొండదొర తెగకు చెందిన కొర్రా మల్లయ్య తనకు దైవావేశం కలిగిందని ప్రకటించాడు. ఏజెన్సీలోని పలు ప్రాంతాల నుంచి నాలుగైదు వేల మంది ఆయన చుట్టూ చేరారు. తాను పంచపాండవులలో ఒకరి అవతారమని, పసివాడైన తన కొడుకు శ్రీకృష్ణుడని, ఇంగ్లీషువారిని వెళ్లగొట్టి తానే పాలిస్తానని ఆయన చెప్పినట్లు కథనం తెలుపుతుంది. వెదుళ్లను తుపాకుల ఆకారంలో చెక్కి, అవి మంత్రబలంతో నిజమైన తుపాకులవుతాయని, ప్రభుత్వ ఆయుధాలు నీరవుతాయని అనుచరులు నమ్మారు. పాచిపెంటను దోచుకుంటామన్న కబురు రావడంతో పరిస్థితి చూడడానికి మే 1న వెళ్లిన ఇద్దరు కానిస్టేబుళ్లను గుంపు కొట్టి చంపింది. జిల్లా మేజిస్ట్రేటు విశాఖపట్టణం, పార్వతీపురం, జయపురం నుంచి రిజర్వు పోలీసులను రప్పించి, మే 7 తెల్లవారుజామున శిబిరంపై దాడి చేయించాడు. కాల్పుల్లో పదకొండు మంది మరణించారు. అరవై మందిపై దొమ్మీ నేరం కింద, మల్లయ్యతో కలిపి ముగ్గురిపై హత్యానేరం కింద విచారణ జరిగింది. మల్లయ్య జైలులోనే మరణించాడు. మిగిలిన ఇద్దరికీ ఉరి అమలైంది. మల్లయ్య కొడుకు కూడా చనిపోయాడు. అంతటితో అలజడి సమసిపోయిందంటూ కథనం ముగుస్తుంది.

3. కథనం పోకడ
ఈ కథనంలో వివరం ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తగ్గిందో గమనించాలి. వెదురు తుపాకులకు, మంత్రబలానికి, స్వామి చేయించిన కవాతుకు విస్తారమైన చోటు దొరికింది. తేదీలు దాడి వరకు స్పష్టంగా ఉన్నాయి. న్యాయస్థానం దగ్గరకు వచ్చేసరికి తేదీలు ఆగిపోయాయి. ఉరి పొందిన ఇద్దరికి పేరు లేదు, ఊరు లేదు, వయసు లేదు. వారు చేసినట్లు రుజువైన పని ఏమిటో, గుంపు చేసిన హత్యలో వారి పాత్ర ఎలా నిర్ధారణ అయిందో చెప్పే మాట లేదు. ఎక్కడ, ఏ రోజున ఉరి తీశారో లేదు. నాలుగైదు వేల మంది సమూహం నుంచి ఈ ఇద్దరు ఎలా వేరుపడ్డారన్న ప్రశ్నకు పాఠంలో జవాబు దొరకదు.

రణజిత్ గుహా 1983లో ప్రచురించిన తిరుగుబాటు అణచివేత వచనంపై వ్యాసం ఇక్కడ ఉపయోగపడుతుంది. ఘటన వేడిలో రాసిన అధికారిక నివేదికలను, కొంత కాలం గడిచాక తటస్థ స్వరంతో రాసిన చరిత్రలను, మరింత తరువాతి చరిత్రకారుల రచనలను ఆయన మూడు స్థాయిలుగా విడదీశారు. గెజిటీర్ రెండవ స్థాయికి చెందుతుంది. దాని తటస్థత ఏడేళ్ల దూరం వల్ల వచ్చింది గాని, దృక్కోణం మారడం వల్ల రాలేదు. కథకు ఆరంభం మూఢనమ్మకం, మధ్యభాగం హింస, అంతం శాంతి. ఈ క్రమంలో ఉరి ఒక ప్రశ్నగా నిలవదు, చివరి గీతగా మిగులుతుంది.

పాండవ అవతారమన్న మాటను కథనం మోసంగా చూపింది. అయితే తమను పాండవ వంశీయులుగా చెప్పుకొనే సంప్రదాయం కొండదొరలలో ఉంది. ఆ సంప్రదాయం వెలుగులో చూస్తే, రాజ్యం పోగొట్టుకొని అడవుల్లో తిరిగిన పాండవుల కథ కొండదొరలకు పరాయి పురాణం కాదు, తమ స్థితిని చెప్పుకొనే భాష. ఈ సందర్భాన్ని తొలగించినప్పుడే మల్లయ్య మాట వట్టి పిచ్చిగా కనిపిస్తుంది.

4. ఉరి: పద్ధతి, అదృశ్యత
‘ఉరి’ అంటే మొదట పక్షులకు, మృగాలకు ఒడ్డే ఉచ్చు. పాత తెలుగులో మరణదండనకు వినిపించే మరో మాట ‘కొఱత’, అంటే మొనదేలిన కొయ్యపై గుచ్చడం. ‘తలారి’ అన్న మాట గ్రామ కాపలాదారుకూ, శిక్ష అమలు చేసేవాడికీ చెల్లింది. ఈ మాటలన్నీ శిక్ష ఊరి కంటికి కనబడిన కాలానివి. కంపెనీ పాలన కూడా ఆ బహిరంగతను వాడుకుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనసమక్షంలో ఉరితీసి, ఆయన తలను 1877 వరకు కోటపై వేలాడదీశారన్నది ప్రసిద్ధం.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ తీరు మారింది. ఇంగ్లండులో బహిరంగ ఉరి 1868లో రద్దయింది. 1872లో విలియం మార్‌వుడ్ అనే తలారి, శరీరం బరువును బట్టి తాడు పొడవు నిర్ణయించే పద్ధతిని ఆచరణలోకి తెచ్చాడు. ఊపిరాడక చనిపోయే బదులు మెడ ఎముక విరిగి వెంటనే ప్రాణం పోవాలన్నది దాని ఉద్దేశం. 1888లో అబర్‌డేర్ కమిటీ ఆ లెక్కను పట్టికగా స్థిరపరచింది. భారతదేశంలోనూ జైలు మాన్యువళ్లు ఇలాంటి లెక్కలను చేర్చుకున్నాయి. భారతీయ శిక్షాస్మృతి (1860) లోని 302వ సెక్షన్ హత్యకు మరణశిక్షను అనుమతిస్తే, 1898 నాటి నేరవిచారణ స్మృతిలోని 368వ సెక్షన్ మెడకు ఉరి వేసి ప్రాణం పోయేవరకు వేలాడదీయాలని నిర్దేశించింది.

ఈ మార్పును మానవీయత పెరుగుదలగా మాత్రమే చూస్తే సగమే చూసినట్లు. శిక్ష జనం కంటి నుంచి తప్పుకొని కాగితంలోకి వెళ్లింది. కాబట్టి ఆ కాగితం ఏమి నమోదు చేసిందన్నది కీలకమవుతుంది. దేహం బరువును తూచడానికి పట్టిక ఉన్న కాలంలో, చరిత్రగా మిగిలిన కథనంలో ఆ దేహాలకు పేరు లేదు.

5. తెలుగులో మూడు క్రియలు
ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు మనకు మూడు దారులున్నాయి. ‘ఉరితీయబడ్డారు’ అంటే గెజిటీర్ స్వరాన్ని యథాతథంగా దిగుమతి చేసుకున్నట్లు. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదు కనుక, ఆ కృత్రిమత్వమే కర్త దాగి ఉన్నాడని బయటపెడుతుంది. ‘ఉరితీశారు’ అంటే కర్త లుప్తమైనా క్రియలో మనుషులు ఉంటారు. ఎవరు అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. ‘ఉరికంబం ఎక్కారు’ అంటే శిక్ష పొందినవారే కర్తలవుతారు, మరణం వారి సంకల్పంగా మారుతుంది.

తిరుగుబాట్ల గురించిన తెలుగు రచన మూడవ దారిని ఎక్కువగా ఇష్టపడింది. అది గౌరవం నుంచి పుట్టినదే. కానీ పాచిపెంట ఇద్దరి విషయంలో ఆ క్రియను వాడే ఆధారం ఈ కథనం మనకివ్వదు. వారు ధైర్యంగా వెళ్లారా, భయపడ్డారా, తాము ఆ హత్య చేయలేదని చెప్పుకున్నారా? వారి మాట నమోదు కాలేదు. లేని మాటను వీరత్వంతో నింపడం కూడా వారిని మరొకసారి మౌనంగా ఉంచడమే. ఈ సందర్భానికి ‘ఉరితీశారు’ అన్న రెండవ క్రియే తగినదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అది ప్రశ్నను తెరచి ఉంచుతుంది.

6. ఒక అభ్యంతరం
గెజిటీర్ సంక్షిప్త గ్రంథమని, ప్రతి నేరస్థుని పేరూ రాయడం దాని పని కాదని అనవచ్చు. ఇందులో కొంత నిజముంది. చనిపోయిన కానిస్టేబుళ్లకూ ఆ కథనంలో పేర్లు లేవు. తమ ప్రభుత్వం కోసం పనిచేస్తూ చనిపోయినవారినీ అది పేరుతో తలచుకోలేదు. కాల్పుల్లో పోయిన పదకొండు మంది కూడా అంకెగానే మిగిలారు. అయితే ఈ వాదన విమర్శను బలపరుస్తుందే గాని తగ్గించదు. కాల్పులు క్షణంలో జరిగిపోయే చర్య. ఉరి అలా కాదు. అభియోగం, సాక్ష్యం, తీర్పు, సంతకం దాటి వచ్చే చర్య అది. పేరు లేకుండా ఎవరినీ ఉరితీయడం సాధ్యం కాదు. కనుక పేర్లు తెలియక పోలేదు, కథకు అవసరం లేక పోయాయి.

7. పేరు నిలిచిన సందర్భాలు
ఇదే ఉత్తరాంధ్ర నేల మీద ఏడు దశాబ్దాల తరువాత పరిస్థితి వేరు. శ్రీకాకుళ ఉద్యమ నాయకుడు నాగభూషణ్ పట్నాయక్‌కు 1970లో మరణశిక్ష పడింది. ఆయన క్షమాభిక్ష కోరడానికి నిరాకరించారు. తరువాత ఆ శిక్ష యావజ్జీవంగా మారింది. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. అత్యవసర పరిస్థితి నాటి నిర్బంధంలోనూ వారి పేర్లు నిలిచాయి. ఎందుకంటే వారి తరఫున న్యాయవాదులు, రచయితలు, పౌరహక్కుల కార్యకర్తలు మాట్లాడారు. పేరు నిలవడం నేరం స్వభావం మీద గాక, చుట్టూ మాట్లాడే సమాజం మీద ఆధారపడిందని ఈ పోలిక చూపుతుంది.

8. ముగింపు
1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను అరుదైన వాటిలోకెల్లా అరుదైన సందర్భాలకు పరిమితం చేసింది. 1983లో దీనా కేసులో ఉరి పద్ధతి రాజ్యాంగ విరుద్ధం కాదని తేల్చింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 393వ సెక్షన్ ఐదవ ఉపవిభాగం కూడా ఉరినే నిర్దేశిస్తుంది. అంటే పాచిపెంట ఇద్దరి ప్రాణం తీసిన పద్ధతి చట్టంలో ఇంకా సజీవంగా ఉంది. ఈ పద్ధతి క్రూరమా కాదా అన్న చర్చ తాడు, బరువు, క్షణాల చుట్టూ తిరుగుతోంది. కొర్రవానివలస కథనం మరో కొలతను అడుగుతుంది: రాజ్యం ఒక మనిషి ప్రాణం తీసినప్పుడు, అతడు ఎవరో, ఏ సాక్ష్యంతో దోషి అయ్యాడో తరువాతి తరాలకు తెలిసేలా చెప్పిందా? స్థానిక చరిత్ర రాసేవారు ఈ ఫితూరీని మల్లయ్య కథగా ముగించకుండా, తీర్పు పత్రాల వైపు, పాచిపెంట కొండల్లోని మౌఖిక జ్ఞాపకాల వైపు వెళ్లవలసిన అవసరం ఇక్కడే ఉంది.