కంటికందని కిరణానికి కాపలా

అణుకేంద్రకం స్థిరత్వం పొందే క్రమంలో వెలువరించే శక్తిని అణు వికిరణం అంటారు. అది కంటికి కనిపించదు, వాసన రాదు, చర్మానికి తెలియదు కనుక దానిని పసిగట్టే పని పరికరం మీద ఎంత ఆధారపడుతుందో, పరికరం చెప్పినదాన్ని గ్రహించే మనిషి వివేకం మీదా అంతే ఆధారపడుతుంది. వికిరణాన్ని పసిగట్టే గైగర్ గొట్టంలోని వాయువును కిరణం అయనీకరిస్తే, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను విడదీస్తే, విద్యుత్ స్పందన పుడుతుంది. సోడియం అయొడైడ్ స్ఫటికంలోనైతే కిరణం మెరుపుగా మారుతుంది, ఆ మెరుపు తీవ్రత కిరణం శక్తినీ, ఆ శక్తి దాని మూలాన్నీ తెలుపుతాయి.

కృష్ణా జిల్లా నందివాడ పరిసరాల వరి చేలకు వేసే పొటాష్ ఎరువులో సహజంగానే రేడియోధార్మిక పొటాషియం-40 ఉంటుంది, దాని గామా కిరణం శక్తి సుమారు 1,460 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. రేడియోధార్మిక కోబాల్ట్-60 ఇచ్చే గామా కిరణాలవి 1,173, 1,332. రేవుల్లో, సరిహద్దుల్లో వికిరణ తనిఖీ పరికరం వద్ద ఎరువు బస్తాకు మోగిన గంటనూ, ఇనుప తుక్కులో దాగిన ప్రమాదానికి మోగిన గంటనూ వేరుచేసేది ఈ తేడాయే. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారుకు చేరిన కోబాల్ట్-60 ఒక కార్మికుని ప్రాణం తీయడం, ఈ కాపలా దేశభద్రతలో ఎంత అవసరమో చాటింది.

ఇలాంటి పరికరాల వెనుక ఒక తెలుగువాడి కృషీ ఉంది. కొల్లేరు సరస్సుకు ఆవల, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు, అణుశాస్త్రవేత్త హోమీ భాభా బృందంలో విశ్వకిరణాల పరిశోధనతో మొదలుపెట్టి, అణుశక్తి రంగానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను స్వదేశంలోనే రూపొందించే సంప్రదాయాన్ని నెలకొల్పి, 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్)కు సారథ్యం వహించారు. ప్రమాదం జరగకపోవడమే ఫలితంగా గల ఈ వికిరణ కాపలా వృత్తికి చప్పట్లు అరుదు. అయినా కొలత తప్పకూడదన్న నిష్ఠే దాని గౌరవం.