పల్లవి ఏ గడిలో? : కీర్తన సంపుటాల సూచీకరణ – ఒక పరిశీలన

పాత కీర్తన సంపుటాల సూచీకరణలో హిమ్నరీ డాట్ ఆర్గ్ సాధించినది తక్కువేమీ కాదు. అమెరికాలోని కాల్విన్ విశ్వవిద్యాలయం నుండి నడిచే ఈ దత్తాంశనిధి, ఉత్తర అమెరికా కీర్తన నిఘంటువు కోసం దశాబ్దాలుగా పోగైన సమాచారాన్ని తనలో కలుపుకొన్నది. పాఠం, వరస, సంపుటం అనే మూడింటినీ విడదీసి, మళ్లీ ముడివేయడం దీని మూలసూత్రం. ఒక పాఠం ఏయే సంపుటాలలో, ఏయే వరసలతో అచ్చయిందో దీనివల్ల తెలుస్తుంది. పాదంలోని అక్షరాలను 8.8.8.8 వంటి అంకెలతో సూచిస్తారు. 'ఓల్డ్ హండ్రెడ్త్' వరస ఎత్తుగడను 11765123 అని స్వరసంఖ్యలతో గుర్తిస్తారు.

ఈ చట్రంలో తెలుగు కీర్తన ఇమడదు. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి వాగ్గేయకారుల కీర్తనలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటాలలో శీర్షికగా రాగతాళాలు అచ్చవుతాయి. రాగనామాన్ని వరస గడిలో నింపడం సులువే. కాని రాగం వరస కాదు. ఒక్క ఆనందభైరవిలోనే పరస్పర భిన్నమైన మట్టులు ఎన్నో ఉండవచ్చు. రాగనామంతో వెదికితే అవన్నీ ఒకే వరసగా తేలుతాయి. పోనీ, ఆ గడిని ఖాళీగా వదిలితే, చట్రంలోని లోపం కీర్తనలోని లోపంగా కనబడుతుంది. అక్షరసంఖ్యదీ ఇదే ఇబ్బంది: తాళబద్ధమైన చరణంలో లెక్కకు వచ్చేది మాత్ర గాని అక్షరం కాదు.

అసలు చిక్కు పల్లవితో వస్తుంది. ఆంగ్ల కీర్తనలో మొదటి చరణం తరువాత ఆవృత్తి రావడం సామాన్యం. కనుక ప్రథమపాదానికి ఒక గడి, ఆవృత్తి ప్రథమపాదానికి మరొకటి ఉన్నాయి. తెలుగులో పల్లవియే ప్రథమపాదం, అదే ఆవృత్తి. దానిని ఆవృత్తి గడికి తరలిస్తే, పల్లవి పేరుతోనే పాటను ఎరిగినవారికి ఆ పాట చిక్కదు. ముద్రిత సంపుటాల అకారాది సూచికలు ఈ విషయంలో యంత్రం కంటె వివేకంగా ఉన్నాయని ఒప్పుకోవలసిందే.

లిపి సంగతి మరొకటి. అరసున్నకు, శకటరేఫకు యూనికోడ్‌లో వేర్వేరు సంకేతాలున్నాయి. పాత ముద్రణలోని 'వాఁడు', నేటి 'వాడు' యంత్రానికి రెండు భిన్న పదాలు. ముద్రితరూపాన్ని సవరించి ఎక్కిస్తే పాఠపరిష్కర్తకు ఆధారం పోతుంది; సవరించకుంటే సామాన్య అన్వేషకునికి దారి మూసుకొంటుంది. ముద్రితరూపాన్ని యథాతథంగా నిలిపి, పక్కనే అన్వేషణకు ఆధునికరూపం చేర్చడమే మార్గం. ప్రథమపాదానికి ముందు పల్లవికి గడి, రాగానికి, తాళానికి, మట్టుకు మూడు వేర్వేరు గడులు: దత్తాంశం ఎక్కించడానికి ముందే ఇవి నిర్ణయం కావాలి. వేల పాటలు ఎక్కిన తరువాత గడులు మార్చడమంటే, ప్రతి సంపుటాన్నీ మళ్లీ మొదటి పుట నుండి తెరవడమే.