ఎగిరే పళ్ళాలు: సాక్షి మాట, కథ కట్టినవారి మాట

ఎగిరే పళ్ళాల వార్తలు విని నవ్వి వూరుకోవడం హేతువాదికి తేలిక. నమ్మి వూరుకోవడం అమాయకుడికి మరీ తేలిక. సాహిత్య విద్యార్థికి ఈ రెండూ చాలవు. చూసినవాడి మాట అచ్చులోకి ఎక్కేసరికి ఏమవుతుందో అతను పరిశీలించవలసి వుంది.

1947 జూన్ 24న అమెరికాలో రేనియర్ పర్వతం దగ్గర తొమ్మిది వస్తువులు మహావేగంగా పోవడం చూశానని విమానం నడుపుతున్న కెన్నెత్ ఆర్నాల్డ్ చెప్పాడు. నీటిమీద విసిరిన పళ్ళెంలా కదిలాయన్నాడు. అది నడకకు చెప్పిన పోలికే గాని ఆకారానికి కాదని తర్వాత వివరించుకున్నాడు. ఈలోగా పత్రికలు ఉపమను రూపకం చేసేశాయి. కొద్ది వారాల్లోనే వందలమందికి ఆకాశంలో పళ్ళాలు కనిపించాయి. ఈ సాక్షులు అబద్ధాలకోరులని అననక్కరలేదు. చూపుకు కావలసిన భాషను పత్రికలు ముందే సిద్ధంచేసి పెట్టాయి.

1966లో జాన్ ఫుల్లర్ రాసిన 'ది ఇంటరప్టెడ్ జర్నీ' ఇంతకంటె చిక్కయిన వుదాహరణ. 1961 సెప్టెంబరు 19 రాత్రి న్యూహాంప్‌షైర్‌లో కారులో వస్తున్న హిల్ దంపతులను గ్రహాంతరవాసులు పట్టుకుపోయి పరీక్షించారన్నది అందులోని కథ. బార్నీ నల్లజాతివాడు, తపాలా వుద్యోగి. బెట్టీ తెల్లజాతి స్త్రీ. ఇద్దరూ పౌరహక్కుల కార్యకర్తలు. అలాంటి వివాహాన్ని నిషేధించే చట్టాలు అనేక రాష్ట్రాల్లో ఆనాటికి అమలులో వున్నాయి. 1967లో గాని సుప్రీంకోర్టు వాటిని కొట్టివేయలేదు. 1964లో డాక్టర్ బెంజమిన్ సైమన్ హిప్నాసిస్‌లో మాట్లాడించినప్పుడు, తనను చూస్తున్న ఆకారం బార్నీకి నాజీలా తోచింది. బెట్టీ కలలే బార్నీ కథకు మూలమని సైమన్ అభిప్రాయం.

సైమన్ చేత ముందుమాట రాయించడం, టేపుల్లోని మాటలను విస్తారంగా ఇవ్వడం ఫుల్లర్ నిజాయితీకి నిదర్శనం. కాని పుస్తకం నడకంతా "ఇది జరిగిందా, లేదా?" అనే వుత్కంఠ మీదే సాగుతుంది. పాఠకుడి చూపు ఆకాశంలో చిక్కుకుంటుంది. తెల్లవాళ్ళ దేశంలో రాత్రిపూట కారు నడిపే నల్లవాడి భయం కథకు మసాలాగా మిగులుతుంది. ఫుల్లర్ చేతికి దొరికిన అసలు వస్తువు ఆ భయమే.

రాజ్యం పాత్రను కూడా విస్మరించరాదు. 1947లో రాస్వెల్ వద్ద దొరికిన శకలాలను సైన్యం వాతావరణ బెలూనుగా చెప్పింది. సోవియట్ అణుపరీక్షలను కనిపెట్టే రహస్య పథకపు బెలూన్లే వాటికి మూలమై వుంటాయని వైమానిక దళం 1994లో ప్రకటించింది. ప్రచ్ఛన్నయుద్ధపు గోప్యత వదిలిన ఖాళీలోకి ఈ మధ్యకాలంలో గ్రహాంతరవాసులు వచ్చి కూర్చున్నారు. 1969లో మూసివేసిన 'బ్లూబుక్' పరిశీలనలో 12,618 ఫిర్యాదులు నమోదైతే 701 తేలకుండా మిగిలాయి. తేలకపోవడం గ్రహాంతరవాసులకు రుజువు కాదు.

జనం చెప్పుకున్న అనుభవాలను కథలుగా మలిచే మనకు ఇది దూరపు సంగతి కాదు. సాక్షి నిజాయితీని గౌరవిస్తూనే అతని వివరణను ప్రశ్నించవచ్చు. అతని భయానికి భూమ్మీద వున్న కారణాలను వెతకకుండా కలం ఎత్తితే, మన వాస్తవికత కూడా వార్తాపత్రిక పళ్ళెంలా తయారవుతుంది.